పాత వెర్షన్ వాడేవాళ్ల పేజీ ఎక్కడ? ఒక కాటా లైబ్రరీ డాక్స్‌ని వెర్షన్లవారీగా హోస్ట్ చేసిన కేస్ స్టడీ

ట్రే బరువు 1.8 కేజీలు. కథంతా ఆ 1.8 దగ్గరే మొదలైంది కాబట్టి ముందే చెప్పేస్తున్నా.

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో రొయ్యలు కొనే ఒక వ్యాపారి దగ్గర కాటా పక్కనే ఒక పాత కంప్యూటర్ ఉంటుంది. కాటా నుంచి సీరియల్ కేబుల్ ఆ కంప్యూటర్‌లోకి వెళ్తుంది, ట్రే పెట్టగానే బరువు స్క్రీన్ మీద పడుతుంది, బటన్ నొక్కితే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌లో చీటీ వస్తుంది. ఆ బిల్లింగ్ ప్రోగ్రాం రాసింది గాజువాక కుర్రాడు ఒకడు. లోపల కాటాతో మాట్లాడే పని చేసేది మాత్రం మేం రాసి ఓపెన్ సోర్స్‌గా పెట్టిన చిన్న పైథాన్ లైబ్రరీ, అంటే వేరే ప్రోగ్రాంలు తమలో కలుపుకుని వాడుకునే కోడ్. దాన్ని ముగ్గురం చూసుకుంటాం, ముగ్గురమూ వైజాగ్ వాళ్లమే, పగలు ఉద్యోగాలు, రాత్రిళ్లు ఈ పని. అనకాపల్లి బెల్లం దగ్గర్నుంచి పలాస జీడిపప్పు దాకా తూకం వేసి చీటీ ఇచ్చే చిన్న చిన్న ప్రోగ్రాంలలో దీన్ని వాడుతున్నారు, ఆ సంగతి మాకు తెలిసేది ఎవరైనా ఫోన్ చేసినప్పుడే.

2024 జూన్ మూడో వారంలో అలాంటి ఫోనే వచ్చింది, పొద్దున్న 7 గంటలకి.

"అన్నా, మీ లైబ్రరీ బరువు ఎక్కువ చూపిస్తోందన్నా. నిన్న 41 ట్రేలు తూచాం, ఐస్ ఫ్యాక్టరీ దగ్గర మళ్లీ తూస్తే 70 కేజీల పైన తక్కువొచ్చింది. షావుకారు నన్ను నిలబెట్టి అడుగుతున్నాడు."

లైబ్రరీలో తప్పు లేదు. కాటాలోనూ లేదు. కుర్రాడి కోడ్ కూడా మా డాక్యుమెంటేషన్ (లైబ్రరీ ఎలా వాడాలో రాసిన పేజీలు, పొట్టిగా డాక్స్) చెప్పినట్టే ఉంది. తప్పు మేం డాక్స్ పెట్టిన పద్ధతిలో ఉంది, దాన్ని సరిచేయడానికి మాకు నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలల్లో ఏం చేశామో, ఎక్కడ ఇరుక్కున్నామో రాస్తున్నా. మీ లైబ్రరీకి పది మంది యూజర్లే ఉన్నా సరే, ఒక్కసారి వెర్షన్ 2 విడుదల చేశారంటే ఇది మీకూ ఎదురవుతుంది.

అసలు ఏం జరిగింది

కుర్రాడు రెండు ఫోటోలు పంపాడు. ఒకటి ప్రింటర్ చీటీ, అందులో ఒక ట్రేకి 30.2 అని ఉంది. రెండోది కాటా దగ్గర కూర్చునే పెద్దాయన చేత్తో రాసుకునే పుస్తకం, అదే ట్రేకి 28.4. ఆయన కంప్యూటర్ వచ్చాక కూడా ఆ పుస్తకం మానలేదు. కాటా మీద అంకె చూస్తాడు, ట్రే బరువు మనసులోనే తీసేస్తాడు, రాసేస్తాడు. రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టుకుని ఏ లైన్ చూసినా తేడా 1.8. అంటే చీటీలో ట్రే బరువు తియ్యలేదు. 41 ట్రేలకి 73.8 కేజీలు, అంత బరువున్న ప్లాస్టిక్‌కి రొయ్యల రేటు కట్టి బోటు వాళ్లకి డబ్బులిచ్చేశారు.

మా 1.x సిరీస్‌లో ‘రీడ్’ అనే ఫంక్షన్ కాటా పంపిన బరువుని ఉన్నదున్నట్టు ఇచ్చేది, ట్రేతో కలిపి. ట్రే తీసేసుకోవడం ప్రోగ్రాం రాసేవాళ్ల బాధ్యత. కాటాకే టేర్ బటన్ (ఖాళీ ట్రే బరువు తీసేసేది) ఉంటుంది కదా అనొచ్చు, కానీ చాలా కాటాల్లో కరెంట్ పోయి వస్తే అది చెరిగిపోతుంది, పైగా పొద్దున్నే వేలం హడావిడిలో దాన్ని ఎవరు నొక్కారో ఎవరు నొక్కలేదో గుర్తుండదు, అందుకని అందరూ ప్రోగ్రాంలోనే తీసేస్తారు. 2024 మార్చిలో 2.0 విడుదల చేస్తూ ఆ తీసివేతని లైబ్రరీలోకే తెచ్చాం. సెట్టింగ్స్ ఫైల్లో టేర్ అని రాసి 1.8 ఇస్తే చాలు, ‘రీడ్’ నికర బరువే ఇస్తుంది. ఫంక్షన్ పేరు అదే, ఇచ్చే అంకెకి అర్థం మారింది. ఇప్పుడైతే కొత్త అర్థానికి కొత్త పేరు పెడతాను. ఇది డాక్స్ కంటే ముందు చేసిన తప్పు, దాన్ని దాచడం లేదు.

ఇక హార్బర్ సంగతి. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. బోట్లు జెట్టీకి కట్టేసి ఉంటాయి, వలలు బాగు చేసుకుంటారు, ఇంజన్లు విప్పుతారు, రంగులేస్తారు. కంప్యూటర్లు బాగు చేసుకునేది కూడా అప్పుడే. మే నెలలో కుర్రాడు ఆ పాత కంప్యూటర్‌ని ఫార్మాట్ చేసి అన్నీ మళ్లీ ఎక్కించాడు. అందులో ఉన్నది విండోస్ 7. ప్రింటర్ డ్రైవర్ దాంట్లోనే సరిగ్గా పనిచేస్తుందని షావుకారు మార్చనివ్వడు. విండోస్ 7 మీద నడిచే చివరి పైథాన్ 3.8. మా 2.0కి కనీసం 3.9 కావాలి.

పైథాన్ లైబ్రరీలని కంప్యూటర్‌లోకి ఎక్కించే పిప్ అనే పనిముట్టు ఇక్కడ చాలా తెలివిగా పనిచేస్తుంది. ప్రతి విడుదలలోనూ ఏ పైథాన్ కావాలో రాసి ఉంటుంది, పిప్ అది చూసి ఈ కంప్యూటర్‌కి 2.0 కుదరదని తేల్చుకుని, కుదిరే వాటిలో చివరిదైన 1.6.2 ఎక్కించింది. ఎర్రర్ ఏమీ రాలేదు. చివరి లైన్లో 1.6.2 ఎక్కిందని చెప్పింది కూడా, కానీ ఇన్‌స్టాల్ అయిపోయాక ఆ లైన్ చదివేదెవరు?

తర్వాత కుర్రాడు ఎలాగూ అన్నీ సర్దుతున్నాను కదా అని మా డాక్స్ తెరిచాడు. గూగుల్లో వెతికితే నేరుగా ‘బరువు చదవడం’ అనే పేజీకే వచ్చాడు. 3.9 కావాలని రాసిన ఇన్‌స్టాల్ పేజీ అతని దారిలో రాలేదు. అతను తెరిచిన పేజీలో ఉన్న మాట ఇది: "ట్రే బరువు మీరు తీసేయనక్కర్లేదు, సెట్టింగ్స్‌లో టేర్ ఇవ్వండి." అతను తన కోడ్‌లో ఉన్న తీసివేత లైన్ చెరిపేసి, సెట్టింగ్స్‌లో టేర్ రాశాడు. 1.6.2కి టేర్ అనే మాటే తెలియదు, తెలియని మాట కనిపిస్తే పట్టించుకోకుండా దాటేస్తుంది. నిషేధంలో తూకాలు లేవు కాబట్టి నెల రోజులు ఎవరికీ ఏమీ తెలియలేదు. జూన్ 14 దాటి బోట్లు వెళ్లి సరుకుతో తిరిగొచ్చిన మొదటి పెద్ద రోజే దొరికిపోయింది.

పెద్దాయన పుస్తకం ఉండబట్టి లెక్క తేలింది. ట్రేకి 1.8 చొప్పున కచ్చితంగా తెలుసు కాబట్టి తర్వాతి సరుకు డబ్బుల్లో సర్దుకున్నారు. ఆ కుర్రాడి పనికి మాత్రం మచ్చ పడింది, అది సర్దుబాటు అయ్యేది కాదు, అందుకే ఈ విషయం నన్ను వదల్లేదు.

ఆ కంప్యూటర్‌కి ఏ వెర్షన్ సరిపోతుందో పిప్‌కి తెలిసింది. మా డాక్స్ సైట్‌కి తెలియలేదు. యూజర్ ఏ వెర్షన్ వాడాలో యూజర్ ఎంచుకోడు, చాలాసార్లు అతని కంప్యూటర్ ఎంచుతుంది. డాక్స్ ఆ వెర్షన్ దగ్గరికి వెళ్లి అతన్ని కలవాలి. మేం చేసిందల్లా ఈ ఒక్క మాట చుట్టూనే.

అంతకుముందు ఎలా ఉండేది

చాలా చిన్న ప్రాజెక్టుల్లాగే. డాక్స్‌ని వెబ్ పేజీలుగా మార్చే స్ఫింక్స్‌లో రాసేవాళ్లం, మా కోడ్ ఉండే గిట్‌హబ్‌లో మెయిన్ బ్రాంచ్‌లో (రోజువారీ మార్పులన్నీ చేరే కాపీలో) ఏది కలిపినా గిట్‌హబ్ యాక్షన్స్ బిల్డ్ చేసి, అంటే పేజీలు తయారు చేసి, గిట్‌హబ్ పేజెస్ అనే ఉచిత హోస్టింగ్‌లో పెట్టేది, పాతది చెరిగి కొత్తది వచ్చేది. ఖర్చు లేదు, ఐదు నిమిషాల సెటప్. 2.0 విడుదలైన క్షణంలో 1.6 డాక్స్ భూమ్మీద లేకుండా పోయాయి. రిపోలో (కోడ్ నిల్వ ఉండే చోట) ఆ విడుదలకి గుర్తుగా పెట్టిన ట్యాగ్ ఉంది కదా, కావాలంటే అక్కడ చదువుకోవచ్చు కదా అంటారేమో, హార్బర్‌లో ఫోన్ హాట్‌స్పాట్ మీద కంప్యూటర్ నడిపే మనిషిని పాత ట్యాగ్‌లోకి వెళ్లి ముడి ఫైళ్లు చదువుకోమనడం మర్యాద కాదు.

ఇంకో ఇబ్బంది ఉంది. మెయిన్ బ్రాంచ్ అంటే ఇంకా విడుదల కానిది కూడా. అంటే మా సైట్ 1.6 వాళ్లకి తప్పు చెప్పడమే కాదు, 2.0 వాళ్లకి కూడా ఇంకా రాని ఫంక్షన్లు చూపించేది. ఆలోచిస్తే ఆ సైట్ సరిగ్గా సరిపోయేది మా ముగ్గురికే.

ఏది వాడాలి

మూడు దారులు చూశాం.

మొదటిది గిట్‌హబ్ పేజెస్‌లోనే ఉండి, వెర్షన్‌కి ఒక ఫోల్డర్ పెట్టుకోవడం. స్ఫింక్స్ లాంటిదే అయిన ఎంకేడాక్స్ వాడేవాళ్లకి మైక్ అనే పనిముట్టు ఈ పని బాగా చేస్తుంది, ఒకసారి బిల్డ్ చేసిన పాత వెర్షన్‌ని మళ్లీ ముట్టుకోదు. మాది స్ఫింక్స్, పైగా సగం పేజీలు కోడ్‌లోనే రాసిన వివరణల (డాక్‌స్ట్రింగ్‌ల) నుంచి తయారవుతాయి, ఎంకేడాక్స్‌కి మారితే అదంతా తిరగరాయాలి. గిట్‌హబ్ పేజెస్‌లో సైట్ 1 జీబీ దాటకూడదు, అది మాకు సమస్య కాదు. సమస్య ఏమిటంటే అక్కడ సర్వర్ వైపు రీడైరెక్ట్‌లు (పాత లింక్ తెరిస్తే కొత్త చోటికి మళ్లించేవి) పెట్టుకునే వీల్లేదు. ఆ సంగతి కిందకి వస్తే తెలుస్తుంది.

రెండోది డాక్యుసారస్, డాక్స్ సైట్లు కట్టే ఇంకో పనిముట్టు. చూడ్డానికి అందంగా ఉంటుంది, వెర్షన్లు లోపలే ఉన్నాయి. అది ప్రతి వెర్షన్‌కీ డాక్స్ మొత్తాన్ని ఒక ఫోల్డర్‌లోకి కాపీ చేస్తుంది, అన్నీ మెయిన్ బ్రాంచ్‌లోనే ఉంటాయి. వాళ్ల గైడే వెర్షన్లు తక్కువ ఉంచుకోమంటుంది. వెబ్ ప్రాజెక్టులకి బాగుంటుందేమో, పైథాన్ డాక్‌స్ట్రింగ్‌లు లాగాలంటే మాకు రెట్టింపు పని.

మూడోది రీడ్ ది డాక్స్, చివరికి ఎంచుకున్నది ఇదే. 2010లో 48 గంటల జాంగో డాష్ పోటీలో ఎరిక్ హోల్షర్, చార్ల్స్ లీఫర్, బాబీ గ్రేస్ మొదలుపెట్టిన డాక్స్ హోస్టింగ్ సర్వీసు ఇది. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకి ఉచితం, పేజీలో చిన్న ప్రకటన ఒకటి వస్తుంది. మాకు నచ్చిందేమిటంటే అది గిట్‌లోని బ్రాంచ్‌లనీ ట్యాగ్‌లనీ చూసి ఒక్కోదాన్నీ విడిగా బిల్డ్ చేస్తుంది, ఏ వెర్షన్ డాక్స్ ఆ వెర్షన్ కోడ్ పక్కనే ఉంటాయి, అడ్రస్‌లో కూడా వెర్షన్ కనిపిస్తుంది. స్ఫింక్స్‌ని గెయోర్గ్ బ్రాండిల్ మొదట పైథాన్ డాక్స్ కోసమే రాశాడు, 2008లో బయటికొచ్చింది. ఆ పైథాన్ డాక్స్ సైటే ఈ పద్ధతికి మంచి ఉదాహరణ, 3.8 పేజీలు 3.8 దగ్గరే ఉంటాయి, పేజీ పైన వెర్షన్ మార్చుకోవచ్చు. పెద్దవాళ్లు ఎప్పట్నుంచో చేస్తున్నదే మేం చిన్న స్థాయిలో చేశాం.

ఇంకేదైనా చేసే ముందు మాత్రం సొంత డొమైన్ కొని డాక్స్‌ని దాని మీద పెట్టాం. ఈ సలహా ఎవరడిగినా మొదట చెప్తాను. రేపు రీడ్ ది డాక్స్ నుంచి ఇంకో చోటికి వెళ్లినా మనం అందరికీ పంచిన లింకులు మారవు.

పాత వెర్షన్‌ని మళ్లీ బిల్డ్ చేయడం

అన్నిటికంటే ఎక్కువ రాత్రులు పోయింది ఇక్కడే. కొత్తగా వచ్చే వెర్షన్లకి డాక్స్ పెట్టడం తేలిక. రెండేళ్ల క్రితం ట్యాగ్‌ని ఇప్పుడు బిల్డ్ చేయాలంటే అప్పటి ప్రపంచాన్ని మళ్లీ తెచ్చి పెట్టాలి.

మొదటి అడ్డంకి: 2023 సెప్టెంబర్ నుంచి రీడ్ ది డాక్స్‌లో ప్రతి వెర్షన్‌కీ కాన్ఫిగ్ ఫైలు రిపోలోనే ఉండాలి. మా 1.6.2 ట్యాగ్‌లో ఆ ఫైలు లేదు, ట్యాగ్‌ని మార్చకూడదు. అందుకని ఆ ట్యాగ్ దగ్గర్నుంచి ‘1.6.ఎక్స్’ అని ఒక బ్రాంచ్ తీశాం. ఇది తప్పనిసరై చేసినా ఇదే సరైన పని అని తర్వాత అర్థమైంది. ట్యాగ్ అంటే విడుదలైన రోజున గీసిన గీత, దాని డాక్స్‌లో ఒక అక్షరం తప్పున్నా అలాగే ఉండిపోవాలి. బ్రాంచ్ అయితే విడుదలయ్యాక తెలిసొచ్చిన సంగతులు రాసుకోవచ్చు. "ఈ వెర్షన్‌లో రీడ్ ఇచ్చేది ట్రేతో కలిపిన బరువు" అనే లైన్ 1.6 విడుదలైనప్పుడు ఎవరికీ అవసరం లేదు, 2.0 వచ్చాకే దాని అవసరం పుట్టింది. డాక్స్‌ని బ్రాంచ్ నుంచే బిల్డ్ చేయండి, ట్యాగ్ నుంచి వద్దు.

రెండో అడ్డంకి: 1.6 కోడ్ పైథాన్‌తో పాటే వచ్చే డిస్ట్‌యుటిల్స్ అనే భాగాన్ని వాడుతుంది, పైథాన్ 3.12లో అది తీసేశారు. డాక్‌స్ట్రింగ్‌లు తియ్యాలంటే స్ఫింక్స్ మన కోడ్‌ని ఇంపోర్ట్ చేస్తుంది, ఇంపోర్ట్ దగ్గరే ఆగిపోయింది. కాన్ఫిగ్‌లో పైథాన్ 3.8 అని రాశాం. ఆలోచిస్తే అదే న్యాయం, 1.6 వాడేవాడి పైథాన్ ఏదో దాంతోనే 1.6 డాక్స్ తయారవ్వాలి.

మూడోది విసిగించింది. అప్పట్లో మేం స్ఫింక్స్ వెర్షన్ ఒక్కటే మారకుండా కట్టేశాం, 3.5 అని. దాని కింద ఉండే జింజా2 అనే లైబ్రరీని కట్టలేదు. 2022 మార్చిలో వచ్చిన జింజా2 3.1లో పాత పేర్లు కొన్ని తీసేశారు, పాత స్ఫింక్స్ వాటి మీదే నడుస్తుంది. బిల్డ్ లాగ్‌లో ‘ఎన్విరాన్‌మెంట్‌ఫిల్టర్’ ఇంపోర్ట్ కావడం లేదని వచ్చి ఆగిపోతుంది. జింజా2ని 3.1 కంటే కిందకి కట్టాం. వెంటనే ఇంకో ప్యాకేజీ దగ్గర ఆగింది. దాన్ని కడితే దాని అన్నదమ్ములు ఒక్కొక్కటే వచ్చాయి. చివరికి ఒక రాత్రి కూర్చుని, బిల్డ్ దాటిన క్షణంలో ఉన్న ప్యాకేజీలన్నిటి వెర్షన్లూ పిప్ ఫ్రీజ్‌తో తీసి ఆ బ్రాంచ్‌లో పెట్టేశాను. ఆ ఫైలు అప్పట్నుంచి ముట్టుకోలేదు.

మీరు ఇప్పుడే కొత్త వెర్షన్ విడుదల చేస్తున్నారా? అయితే డాక్స్ బిల్డ్ అయిన రోజునే ఆ మొత్తం లిస్టు పక్కన పెట్టుకోండి, రెండేళ్ల తర్వాత నాలుగు రాత్రుల నిద్ర మిగులుతుంది.

1.0 నుంచి 1.5 దాకా బిల్డ్ చెయ్యలేదు. ఆ సిరీస్‌లో అర్థాలేవీ మారలేదు, 1.6 పేజీ వాళ్లకీ సరిపోతుంది. సైట్‌లో కనిపించేవి మూడే: 1.6.ఎక్స్, స్టేబుల్, లేటెస్ట్. పద్నాలుగు వెర్షన్ల మెనూ పెడితే మనకి ఘనంగా ఉంటుంది, చదివేవాడికి తలనొప్పి.

స్టేబుల్, లేటెస్ట్ అనే రెండు పేర్లు

ఈ రెండు మాటలు యూజర్లకి ఒకేలా వినిపిస్తాయి. కుర్రాడిని అడిగితే "లేటెస్ట్ అంటే కొత్తగా వచ్చింది కదన్నా, అదే మంచిది" అన్నాడు. రీడ్ ది డాక్స్‌లో లేటెస్ట్ అంటే మెయిన్ బ్రాంచ్, అంటే ఇంకా ఉడుకుతున్నది. స్టేబుల్ అంటే చివరి అధికారిక విడుదల, అది ట్యాగ్‌ల పేర్లు చూసి తనంతట తానే అన్నిటికంటే పెద్ద వెర్షన్‌ని పట్టుకుంటుంది, బీటాల జోలికి పోదు. మనం ఏమీ మార్చకపోతే డొమైన్ తెరిచినవాళ్లు లేటెస్ట్‌కే వెళ్తారు. సెట్టింగ్స్‌లో డిఫాల్ట్ వెర్షన్‌ని స్టేబుల్‌గా మార్చడం ఒక్క క్లిక్ పని, మొత్తం కేసులో అతి తక్కువ శ్రమతో ఎక్కువ మేలు చేసింది ఇదే.

ఒక చిక్కు, స్టేబుల్ ట్యాగ్ నుంచి బిల్డ్ అవుతుంది, మేం బ్రాంచ్ నుంచి కావాలనుకున్నాం. రిపోలో ‘స్టేబుల్’ అనే పేరుతోనే బ్రాంచ్ ఉంటే అది దాన్నే తీసుకుంటుంది. అలా ఒక బ్రాంచ్ పెట్టి, ప్రతి విడుదలప్పుడూ దాన్ని ముందుకి జరుపుతున్నాం.

గూగుల్ నుంచి వచ్చేవాళ్లు

కుర్రాడు మెనూ నుంచి రాలేదు, గూగుల్ నుంచి వచ్చాడు. కాబట్టి వెర్షన్ మెనూ ఎంత బాగా పెట్టినా అతనికి ఉపయోగం లేదు, ఇది మర్చిపోతే చేసిన పనంతా వృథా.

మూడు వెర్షన్లుంటే ఒకే పేజీకి మూడు కాపీలున్నట్టు. సెర్చ్ ఇంజన్‌కి ఏది అసలుదో చెప్పడానికి పేజీ తలలో కెనానికల్ లింక్ పెడతారు. అందరూ చెప్పే సలహా అన్ని పాత పేజీల కెనానికల్‌నీ స్టేబుల్ వైపు తిప్పమని. మేం కొంచెం వేరేగా చేశాం. అర్థం మారని పేజీలకి స్టేబుల్ వైపు తిప్పాం. ‘బరువు చదవడం’ లాంటి, రెండు వెర్షన్లలో వేర్వేరు మాట చెప్పే పేజీలకి ఎవరి కెనానికల్ వాళ్లకే ఉంచాం, ఎందుకంటే అవి కాపీలు కావు, పేరొకటే అయిన రెండు వేర్వేరు పేజీలు. టైటిల్స్ కూడా వేరు చేశాం, ‘బరువు చదవడం, 1.6’ అని ఒకటి, ‘బరువు చదవడం, 2’ అని ఇంకోటి, వెతికినప్పుడు రిజల్ట్‌లోనే తేడా కనిపించేలా. స్ఫింక్స్ కాన్ఫిగ్‌లో పేజీ తయారయ్యే ముందు పిలిచే చిన్న ఫంక్షన్ ఒకటి రాస్తే సరిపోతుంది, పది లైన్లు కూడా లేదు.

లేటెస్ట్ మాత్రం సెర్చ్‌లో అసలు కనిపించకూడదనుకున్నాం. రోబోట్స్ ఫైల్లో అడ్డం పెడదామని మాలో ఒకరన్నారు. నేను వద్దన్నాను. రోబోట్స్‌లో ఆపితే సెర్చ్ ఇంజన్ ఆ పేజీలోకి రాదు, రాకపోతే అందులో మనం పెట్టిన ‘నోఇండెక్స్’ (సెర్చ్‌లో చూపించొద్దు) అనే మాట చదవదు, చదవకపోతే ఇప్పటికే తన దగ్గరున్న లింక్ అలాగే ఉండిపోవచ్చు. లోపలికి రానిచ్చి నోఇండెక్స్ చదివించడమే సరైన వరస.

ఇక పాత గిట్‌హబ్ పేజెస్ లింకులు. ఎవరెవరు ఎక్కడ దాచుకున్నారో తెలియదు, వాటిని చంపకూడదు. అక్కడ సర్వర్ రీడైరెక్ట్ లేదని పైన చెప్పాను, అందుకని ప్రతి పాత పేజీ స్థానంలో, బ్రౌజర్‌ని కొత్త అడ్రస్‌కి పంపే మెటా రిఫ్రెష్ ఉన్న చిన్న హెచ్‌టీఎంఎల్ పేజీ పెట్టాం. అప్పుడు తెలిసొచ్చింది, మెటా రిఫ్రెష్‌తో వెళ్తే అడ్రస్ చివర హ్యాష్ (#) తర్వాతి భాగం పోతుంది. సర్వర్ రీడైరెక్ట్‌లో బ్రౌజర్ దాన్ని మోసుకుపోతుంది, ఇక్కడ మోయదు. మా డాక్స్‌లో ఫంక్షన్ల లింకులన్నీ హ్యాష్‌తోనే ఉంటాయి, అది పోతే మనిషి పొడవాటి పేజీ తలదగ్గర దిగి వెతుక్కోవాలి. ఒక్క లైన్ జావాస్క్రిప్ట్‌తో ఆ ముక్కని పట్టుకుని కొత్త అడ్రస్‌కి అతికించాం. ‘బరువు చదవడం’ పాత లింక్ ఒక్కదానికి మాత్రం రీడైరెక్ట్ పెట్టలేదు. అక్కడ రెండే బటన్లున్న పేజీ ఉంది: "మీ దగ్గరున్నది 1.6నా? 2నా?" ఎలా తెలుసుకోవాలో కింద రాసి ఉంది.

లైబ్రరీయే దారి చూపించాలి

అన్నిటికంటే బాగా పనిచేసింది సైట్‌లో చేసిన పని కాదు. కంప్యూటర్‌లో ఎక్కిన లైబ్రరీకి తన వెర్షన్ ఏదో తనకి తెలుసు. కాబట్టి 1.6.3 విడుదల చేసి అందులో రెండు మార్పులు పెట్టాం. సెట్టింగ్స్‌లో తెలియని మాట కనిపిస్తే ఇకమీదట ఊరుకోదు, ఆగిపోయి ఎర్రర్ ఇస్తుంది. ఆ ఎర్రర్ కింద, హెల్ప్ కింద, ప్రతి చోటా 1.6.ఎక్స్ డాక్స్ లింకే ఉంటుంది. 2లో 2 లింక్. పైథాన్ లైబ్రరీలు దొరికే పైపీఐ సైట్‌లో కూడా ప్రతి విడుదలకీ తన లింకులు తనకి ఉంటాయి, అక్కడ కూడా అదే చేశాం. ఆ రోజు కుర్రాడి దగ్గర 1.6.3 ఉండి ఉంటే మే నెలలోనే, తూకాలు లేని రోజుల్లోనే, స్క్రీన్ మీద ‘టేర్ అనేది ఈ వెర్షన్‌లో లేదు’ అని కనిపించేది.

పైన కనిపించే పట్టీ

పాత వెర్షన్ పేజీల మీద సాధారణంగా ఒక హెచ్చరిక పట్టీ పెడతారు, మీరు పాతది చదువుతున్నారు, కొత్తదానికి వెళ్లండి అని. జాంగో లాంటి వెబ్ ఫ్రేమ్‌వర్క్‌కి అది సరైనదే, పాత వెర్షన్‌లో భద్రతా లోపాలుంటాయి, వదిలేయమనడం వాళ్ల బాధ్యత. మా యూజర్ సంగతి వేరు. అతను కొత్తదానికి వెళ్లలేడు, అతని కంప్యూటర్ పోనివ్వదు. అతనికి ఆ పట్టీ చేసేదేమిటంటే సరైన పేజీలో ఉన్న మనిషిని తప్పు పేజీకి పంపడం.

మా పట్టీలో ఇలా రాశాం: "ఇది 1.6 పేజీ. మీ కంప్యూటర్‌లో 1.6 ఉంటే మీరు సరైన చోటే ఉన్నారు. ఈ వెర్షన్‌లో రీడ్ ఇచ్చేది ట్రేతో కలిపిన బరువు." దీని మీద మా ముగ్గురిలో గట్టిగానే వాదన జరిగింది, ఇలా రాస్తే ఎవరూ అప్‌గ్రేడ్ అవ్వరని ఒకరి బాధ. నాకు మాత్రం మనిషి అప్‌గ్రేడ్ అవ్వడం కంటే చీటీలో అంకె సరిగ్గా రావడం ముఖ్యం.

తెలుగు పేజీ, నెట్ లేని చోటు

మా దగ్గర ‘మొదలుపెట్టడం ఎలా’ అనే పేజీ తెలుగులో కూడా ఉండేది, చేత్తో రాసిన విడి ఫైలు. ఇంగ్లిష్ మారినప్పుడు అది మారేది కాదు, ఎవరికీ గుర్తుండేది కాదు. దాన్ని స్ఫింక్స్ గెట్‌టెక్స్ట్ పద్ధతిలోకి మార్చాం, ఇప్పుడు ప్రతి వాక్యం పీవో అనే అనువాద ఫైల్లో విడివిడిగా ఉంటుంది. ఇంగ్లిష్ వాక్యం మారితే దాని తెలుగు మీద ‘ఫజీ’ అని గుర్తు పడుతుంది, అలా గుర్తు పడ్డదాన్ని స్ఫింక్స్ వాడదు, ఆ వాక్యం ఇంగ్లిష్‌లోనే కనిపిస్తుంది. తెలుగు పేజీ మధ్యలో ఒక ఇంగ్లిష్ వాక్యం చూడ్డానికి బాగోదు నిజమే, కానీ పాత అర్థంతో ఉన్న చక్కటి తెలుగు వాక్యం కంటే అది వెయ్యి రెట్లు నయం. రీడ్ ది డాక్స్‌లో అనువాదాన్ని విడి ప్రాజెక్టుగా పెట్టి అసలుదానికి జోడించాలి, అప్పుడు వెర్షన్లు తెలుగుకీ వర్తిస్తాయి. పుల్ రిక్వెస్ట్ (ఈ మార్పు కలపండి అనే అభ్యర్థన) పెట్టగానే ఆ మార్పుతో విడి ప్రివ్యూ పేజీ తయారవుతుంది కదా, తెలుగు మార్పులన్నీ ఆ ప్రివ్యూ లింక్ కుర్రాడి ఫోన్‌కి పంపి అతను సరే అన్నాకే కలుపుతున్నాం. "నికర బరువు అంటే మా వాళ్లకి తెలీదన్నా, ట్రే తీసేశాక బరువు అని రాయండి" అన్నది అతనే.

ఆఫ్‌లైన్ కాపీ కూడా పెట్టాం. వెర్షన్‌కి ఒక జిప్, రీడ్ ది డాక్స్ తనే తయారు చేస్తుంది, కాన్ఫిగ్‌లో ఒక్క లైన్. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చాక రోజుల తరబడి కరెంటూ సిగ్నలూ లేకుండా బతికిన ఊరు మాది, నెట్ ఎప్పుడూ ఉంటుందన్న నమ్మకం మీద ఏదీ కట్టకూడదని నా పట్టుదల. ఆ జిప్‌ని ఇన్‌స్టాల్ చేసేటప్పుడే పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్తున్నారు.

ఇప్పుడెక్కడున్నాం

2024 అక్టోబర్ మొదట్లో అంతా పూర్తయిందనుకున్నాం, అదే నెలలో రీడ్ ది డాక్స్ స్ఫింక్స్ కాన్ఫిగ్‌లోకి తనంతట తాను కొన్ని విలువలు చొప్పించడం మానేసింది, బేస్ అడ్రస్ మనమే రాసుకోవాలి. మూడు బ్రాంచ్‌ల్లోనూ ఆ లైన్ చేర్చాం. పాత బ్రాంచ్‌కి కూడా అప్పుడప్పుడూ ఇలాంటి పని ఉంటుంది, దాన్ని చూసుకునే మనిషిని ముందే అనుకోండి. మాలో 1.6 నాది.

పాత పేజీని ఎప్పుడు తీసేయాలో ఇంకా తేల్చలేదు. తేదీ పెట్టడం నాకిష్టం లేదు. 1.6 గురించి ఒక్క ఫోన్ కూడా రాకుండా రెండు వేట సీజన్లు గడిచాక చూద్దాం అనుకున్నాం.

2025 నిషేధం రోజుల్లో హార్బర్‌కి వెళ్లాను. షావుకారు కొత్త కంప్యూటర్ కొన్నాడు, కుర్రాడు 2 ఎక్కించి, ట్రే పెట్టి, చీటీ తీసి, పెద్దాయన పుస్తకంతో సరిచూసి చూపించాడు, 28.4కి 28.4. కాటా వెనక గోడకి మా ‘బరువు చదవడం, 1.6’ పేజీ ప్రింట్ అంటించి ఉంది, తేమకి అంచులు చుట్టుకుపోయాయి. దాన్ని జాగ్రత్తగా ఊడదీసి ఆ స్థానంలో 2 పేజీ అంటించాడు. ఊడదీసిన కాగితం పారేస్తాడేమో అనుకున్నా, పాత కంప్యూటర్ ఎత్తుకెళ్లి పెట్టిన రెండో కాటా దగ్గరికి నడిచి అక్కడ గోడకి అంటించాడు.